పరిమిత వ్యయంలో సర్వర్ల ఎంపిక: కొనవలసినది వేగమా, నిలకడా?

ప్రతి నెలాఖరున జీతం బ్యాంకు ఖాతాలో జమ కావడం, టౌన్‌షిప్ ఆసుపత్రిలో కార్డు నంబరు చెప్పగానే పాత మందుల వివరాలు వైద్యుని ఎదుట కనబడడం, ఒక బేరింగు కావలసి వస్తే అది స్టోర్సులో ఏ అరలో ఎన్ని ఉన్నదీ క్షణంలో తెలియడం, గేటు వద్ద వేలిముద్రతో హాజరు నమోదు కావడం - ఇవన్నీ నేడు మనకు అతి సహజంగా తోచే విషయాలు. వీటన్నిటి వెనుక పరిపాలనా భవనంలోని ఒక చల్లని గదిలో రాత్రింబవళ్లు పనిచేసే సర్వర్లు ఉన్నాయన్న సంగతి, అవి ఆగిపోయిన రోజున తప్ప మనకు గుర్తుకు రాదు.

ఈ సర్వర్లకూ వయసు మీరుతుంది. ఐదారేళ్లు గడిచేసరికి వారంటీ ముగుస్తుంది, విడిభాగాలు దొరకడం కష్టమవుతుంది. కొత్తవి కొనవలసి వస్తుంది. అయితే కోరినంత సొమ్ము మంజూరు కావడం ఏ సంస్థలోనైనా అరుదు. మంచమున్నంత వరకే కాళ్లు చాపుకోవాలన్నది మన పెద్దల మాట. మంచం చిన్నదైనప్పుడు దేనికి ఎంత ఖర్చు పెట్టాలి, దేనిని వదులుకోవచ్చు, దేనిని ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోరాదు అన్న వివేచనే ఈ వ్యాసానికి విషయం. కంప్యూటర్ విభాగంలో పనిచేసేవారికే గాక, ఆ యంత్రాలపై ఆధారపడిన ప్రతి ఉద్యోగికీ, కుటుంబ సభ్యులకూ ఇది తెలియదగిన సంగతేనని మా విశ్వాసం.

ఒకే భవనం, వేర్వేరు క్వార్టర్లు

పూర్వం ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరు కొనేవారు. జీతాల లెక్కకు ఒకటి, స్టోర్సుకు ఒకటి, ఆసుపత్రికి మరొకటి. వీటిలో అధికభాగం రోజులో చాలాసేపు ఖాళీగానే ఉండేవి. జీతాల సర్వరుకు నెలాఖరు నాలుగు రోజులే తీరిక లేని పని. మిగిలిన రోజులలో అది విద్యుత్తును ఖర్చు చేస్తూ, వేడిని వెదజల్లుతూ ఊరక కూర్చునేది.

ఒకే యంత్రంలో అనేక యంత్రాలు ఉన్నట్లుగా ఏర్పాటు చేసే విధానమే వర్చువలైజేషన్. మన టౌన్‌షిప్‌లోని బహుళ అంతస్తుల భవనంతో దీనిని పోల్చవచ్చు. పునాది, నీటి ట్యాంకు, విద్యుత్తు తీగ అందరికీ ఉమ్మడి. కాని ఎవరి క్వార్టరు వారిదే, ఎవరి తాళం వారిదే. ఒక ఇంట్లో సున్నం వేస్తున్నంత మాత్రాన పక్కింటివారు వంట మానుకోనక్కరలేదు. అట్లే ఒక పెద్ద సర్వరులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క 'వర్చువల్ యంత్రం' ఉంటుంది. వీటికి జాగా పంచి ఇచ్చే పర్యవేక్షక ప్రోగ్రాముకు హైపర్‌వైజర్ అని పేరు.

ఈ ఆలోచన కొత్తది కాదు. కంప్యూటర్ అత్యంత ఖరీదైన వస్తువుగా ఉన్న కాలంలో, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనవలసిన అగత్యం నుండి ఇది పుట్టింది. ఐబీఎం సంస్థ 1972లో వీఎం/370 అనే వ్యవస్థను ప్రకటించింది. మన దేశంలో హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటరును అందించిన రోజులకు అది సమీప కాలం. తరువాత చిన్న యంత్రాలు చవక కావడంతో పంచుకోవలసిన అవసరం తగ్గింది. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ సామాన్య సర్వర్లపైనా ఇది సాధ్యమని చూపింది. 2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఇందుకు అవసరమైన సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే చేర్చాయి. 2007లో లినక్స్ కెర్నెల్‌లో కేవీఎం చేరిన పిదప ఈ విధానం అందరికీ అందుబాటులోనికి వచ్చింది.

ఇందులో లాభం ఎంత ఉన్నదో జాగ్రత్తపడవలసిన అంశమూ అంతే ఉన్నది. పన్నెండు సర్వర్లున్న రోజులలో ఒకటి చెడితే ఒక పని మాత్రమే ఆగేది. పన్నెండు పనులనూ ఒకే యంత్రంలో చేర్చిన తరువాత అది చెడితే పన్నెండూ ఒకేసారి ఆగుతాయి. జీతాలూ ఆగుతాయి, ఆసుపత్రీ ఆగుతుంది, గేటు వద్ద హాజరూ ఆగుతుంది. కనుక వర్చువలైజేషన్ కోసం సర్వరు కొనేటప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న 'ఇది ఎంత వేగంగా పనిచేస్తుంది?' అన్నది కాదు. 'ఇది ఆగితే ఏమవుతుంది?' అన్నది.

కొలవనిదే కొనరాదు

దర్జీ కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించడు. సర్వర్ల విషయంలో మాత్రం కొలతలకు ముందే ధరల పట్టికలు తెప్పించుకోవడం పరిపాటి అయింది. ఇప్పుడున్న యంత్రాలలో ప్రాసెసర్ ఎంత వాడుకలో ఉన్నది, మెమొరీ ఎంత నిండుతున్నది, డిస్కుపై క్షణానికి ఎన్ని చదువులు-రాతలు జరుగుతున్నవి అన్న మూడు లెక్కలను కనీసం ఒక పూర్తి నెల నమోదు చేయాలి. నెల అనడానికి కారణం, జీతాల రోజులు అందులో తప్పక కలవాలి. మార్చి నెలలో సంవత్సరాంతపు లెక్కలు ముగించే రోజులు కూడా కలిస్తే మరీ మంచిది.

ఉదాహరణకు ఒక మధ్యతరహా యూనిట్‌ను ఊహించుకుందాం. అక్కడ పన్నెండు పనులున్నాయి. వాటికి కావలసిన మెమొరీ జీబీలలో ఇట్లున్నదనుకుందాం: జీతాలు-లెక్కలకు 48, స్టోర్సుకు 24, హాజరుకు 16, ఆసుపత్రికి 24, దస్త్రాల నిల్వకు 16, ఈ-మెయిలుకు 32, ఉద్యోగుల లాగిన్ వివరాలు ఉంచే రెండు డైరెక్టరీ సర్వర్లకు ఎనిమిదేసి, గ్రంథాలయానికీ టౌన్‌షిప్ ఫిర్యాదులకూ ఎనిమిదేసి, పర్యవేక్షణకు 8, ప్రయోగాలకు 16. మొత్తం 216 జీబీ. వీటన్నిటికీ కేటాయించిన వర్చువల్ ప్రాసెసర్ కోరులు 48 అనీ, డేటా మొత్తం 5 టెరాబైట్లు అనీ అనుకుందాం. ఈ లెక్కను చేతపట్టుకొని ఇక ఒక్కొక్క భాగాన్నీ పరిశీలిద్దాం.

ప్రాసెసర్: ప్రకటనల మోజు

ధరల పట్టికలో మొదట కంటికి కనబడేది ప్రాసెసర్. ప్రకటనలన్నీ దానిమీదే. కాని కార్యాలయ పనులకు సంబంధించినంత వరకు మొదట చాలక వచ్చేది సాధారణంగా ప్రాసెసర్ కాదు. పన్నెండు వర్చువల్ యంత్రాలూ ఒకే క్షణంలో పూర్తి శక్తిని కోరవు. అందుచేత ఒక నిజమైన కోరుకు మూడు నాలుగు వర్చువల్ కోరులను కేటాయించినా పని కుంటుపడదు. మన ఉదాహరణలోని 48 వర్చువల్ కోరులకు ఒకటికి మూడు చొప్పున 16 నిజమైన కోరులు సరిపోతాయి.

ఇక్కడ రెండు సూచనలు. ఒకటి, రెండు ప్రాసెసర్లున్న సర్వరు కంటే 16 కోరుల ఒకే ప్రాసెసర్ ఉన్న సర్వరు ఇటువంటి యూనిట్‌కు మేలు. రెండు ప్రాసెసర్లున్నప్పుడు మెమొరీ కూడా రెండు భాగాలుగా విడిపోతుంది. ఒక ప్రాసెసర్ రెండవదాని వద్దనున్న మెమొరీని అందుకోవడంలో కొంత ఆలస్యం జరుగుతుంది. రెండు, కోరుల సంఖ్యను పెంచడానికి బదులు ఒక్కొక్క కోరు వేగాన్ని చూడాలి. డేటాబేసులో ఒక జవాబు కోసం ఎదురుచూసే గుమాస్తాకు కోరుల సంఖ్య కంటే ఒక్క కోరు వేగమే ఎక్కువ ఉపకరిస్తుంది. ఎక్కువ కోరులు కొంటే లైసెన్సుల ఖర్చు ఎట్లా పెరుగుతుందో ముందు చూడబోతున్నాం.

మెమొరీ: ఇక్కడ పొదుపు పనికిరాదు

ప్రాసెసర్‌ను వంతులవారీగా పంచుకోవచ్చు. మెమొరీని అట్లా పంచుకోవడం కుదరదు. ఒక యంత్రానికి ఇచ్చిన 48 జీబీ నిజంగా నిండిపోతే మరొకరికి అది లేనట్లే. ఉన్నదానికంటే ఎక్కువ కేటాయించే సౌలభ్యం హైపర్‌వైజర్‌లలో ఉన్నమాట నిజమే. కాని చాలనప్పుడు అవి మెమొరీలోని విషయాన్ని డిస్కుపైకి దించుతాయి. అప్పుడు పని నత్తనడక పడుతుంది. బడ్జెట్‌లో మిగులు ఏమైనా ఉంటే అది మొదట మెమొరీకే చెందాలి.

మెమొరీ తప్పులను తానే గుర్తించి సరిదిద్దుకునే ఈసీసీ రకానిదై ఉండాలి. ఇది అలంకారం కాదు. గూగుల్ సంస్థ సర్వర్లపై టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి జరిపి 2009లో ప్రకటించిన పరిశీలనలో, ఏడాది కాలంలో 8 శాతానికి పైగా మెమొరీ పట్టీలలో తప్పులు నమోదైనట్లు తేలింది. తప్పు సరిదిద్దని మెమొరీలో ఒక అంకె మారితే ఎవరి జీతంలోనో, ఎవరి మందు మోతాదులోనో మారవచ్చు. ఆ సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు కూడా.

పట్టీల అమరిక మరొక చిన్న విషయం. ప్రాసెసర్ నుండి మెమొరీకి పోయే దారులను చానెళ్లంటారు. ఎనిమిది చానెళ్లున్న ప్రాసెసర్‌కు 64 జీబీ పట్టీలు నాలుగు కొనడం కంటే 32 జీబీ పట్టీలు ఎనిమిది కొని ఒక్కొక్క దారికి ఒక్కొక్కటి అమర్చడం వేగానికి మేలు. రెండు విధాలా మొత్తం 256 జీబీయే. మిగిలిన స్లాట్లను ముందునాళ్ల పెరుగుదలకు ఖాళీగా ఉంచవచ్చు. ప్రతి దారిలో రెండవ పట్టీ చేరినప్పుడు మెమొరీ వేగం కొంత తగ్గే అవకాశమున్నది గనుక ఆ వివరాన్ని తయారీదారు పత్రంలో ముందుగా చూసుకోవాలి.

డిస్కులు: వెడల్పు కాదు, చురుకుదనం

డిస్కు కొనేటప్పుడు టెరాబైట్లకు ఎంత ధర అని అడగడం సహజం. కాని పన్నెండు యంత్రాలు ఒకే డిస్కును పంచుకున్నప్పుడు ముఖ్యమయ్యేది జాగా కాదు, క్షణానికి ఎన్ని కోరికలను అది తీర్చగలదన్నది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే మామూలు డిస్కు అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు సుమారు 75 నుండి 100 సార్లు మాత్రమే అందించగలదు. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేలు, పదివేల సార్లు చేయగలదు. ఎన్‌వీఎంఈ రకం అంతకు మించి లక్షలలో చేయగలదు. అందుచేత వర్చువల్ యంత్రాలకు ఎస్‌ఎస్‌డీ, బ్యాకప్ నిల్వకు తిరిగే డిస్కు అన్న విభజన పొదుపుకూ పనికీ అనుకూలం.

ఎస్‌ఎస్‌డీలలో ఇంటి కంప్యూటరుకు చేసినవి, సర్వరుకు చేసినవి వేరు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు చేతిలో ఉన్న సమాచారాన్ని రాసి ముగించడానికి సరిపడే విద్యుత్తును నిలుపుకునే కెపాసిటర్లు సర్వరు రకంలో ఉంటాయి. రోజుకు నిర్ణీత పరిమాణం వరకు రాసినా వారంటీ కాలమంతా తట్టుకుంటుందన్న హామీ కూడా ఉంటుంది. కార్యాలయ పనులకు, రోజుకు డిస్కు మొత్తం ఒక్కసారి రాయగల స్థాయి సాధారణంగా చాలును.

డిస్కులు చెడతాయన్నది నిశ్చయం, ఎప్పుడన్నదే అనిశ్చయం. కనుకనే బర్క్‌లీ పరిశోధకులు 1988లో ప్రతిపాదించిన రెయిడ్ విధానంలో సమాచారాన్ని అనేక డిస్కులపై పరుస్తారు. రెయిడ్-5లో జాగా ఆదా అవుతుంది గాని ఒక చిన్న రాతకు నాలుగు డిస్కు పనులు అవసరమవుతాయి. రెయిడ్-10లో సగం జాగా ప్రతికే పోయినా రాతకు రెండు పనులే. డేటాబేసులకు ఇదే అనుకూలం. మన ఉదాహరణలో 3.84 టెరాబైట్ల డిస్కులు నాలుగింటిని జంటలుగా అమరిస్తే 7.68 టెరాబైట్లు వాడుకకు వస్తాయి. ఇప్పటి 5 టెరాబైట్లు పోగా మూడవ వంతుకు పైగా ఖాళీ ఉంటుంది.

ఒకటా, రెండా, మూడా?

అసలైన నిర్ణయం ఇక్కడున్నది. ఉన్న సొమ్ముతో 32 కోరులు, 512 జీబీ మెమొరీ గల ఒక మహాయంత్రం కొనవచ్చు. లేదా 16 కోరులు, 256 జీబీ గల రెండు యంత్రాలు కొనవచ్చు. కాగితంపై రెండూ సమానమే. పైగా ఒకే యంత్రం కొంత చవకగా కూడా కనబడవచ్చు. కాని ఒకటి ఉన్నచోట అది ఆగితే సర్వం ఆగుతుంది. రెండు ఉన్నచోట ఒకటి ఆగితే రెండవది మొత్తం భారాన్ని మోయగలదు. మోయగలిగేలా మనం కొలిచి కొన్నట్లయితేనే సుమా.

ఆ కొలతే ప్రధానం. రెండు యంత్రాలున్నప్పుడు ఒక్కొక్కటి సగానికి మించి నిండకూడదు. మూడు ఉంటే ఒక్కొక్కటి మూడింట రెండు వంతుల వరకు నిండవచ్చు. మన ఉదాహరణలో ఒకటి చెడితే రెండవదానిపై 216 జీబీల పని, హైపర్‌వైజర్ వాడుకకు సుమారు 16 జీబీ, వెరసి 232 జీబీ పడుతుంది. 256లో ఇది ఇముడుతుంది. ఆపత్సమయంలో ప్రయోగాల యంత్రాన్ని ఆపివేస్తే మరో 16 జీబీ ఊరట. ఏటా కొంత పెరుగుదల తప్పదు గనుక 216 కాస్తా 240కి చేరకముందే ఖాళీ స్లాట్లను నింపుకోవాలి. 'రెండు యంత్రాలున్నాయి కదా, మొత్తం 512 జీబీ' అని భావించి 400 జీబీ వరకు పనులు నింపితే రెండవ యంత్రం ఉండీ లేనట్లే. ఉపశమనం కోసం కొన్నది కాస్తా అదనపు భారం మోసే యంత్రంగా మారుతుంది.

రెండు యంత్రాలు ఒకదానినొకటి కనిపెట్టుకొని ఉండాలంటే ఒక సాక్షి కూడా అవసరం. వాటి మధ్య తీగ తెగితే 'రెండవది చచ్చిపోయింది' అని ఒక్కొక్కటీ అనుకొని, ఒకే పనిని రెండూ మొదలుపెట్టే ప్రమాదమున్నది. మూడవ ఓటు వేయడానికి వేరొక చిన్న యంత్రాన్ని నిలబెడితే ఈ చిక్కు తీరుతుంది. ఇందుకు పాత డెస్క్‌టాప్ అయినా చాలును.

డేటాను ఎక్కడ ఉంచాలి? రెండింటికీ ఉమ్మడిగా వేరొక నిల్వ పెట్టె కొనడం ఒక పద్ధతి. అందులో కంట్రోలర్లు, విద్యుత్ సరఫరాలు జంటగా లేకపోతే ఆ పెట్టె ఆగినరోజు రెండు సర్వర్లూ నిరుపయోగమే. ఉన్న డిస్కులనే కలిపి ఉమ్మడి నిల్వగా మార్చే సెఫ్ వంటి పద్ధతులకు కనీసం మూడు సర్వర్లు, వేగమైన నెట్‌వర్కు కావాలి. సొమ్ము తక్కువైనప్పుడు ఎవరి డిస్కులు వారివద్దే ఉంచి, పదిహేను నిమిషాలకు ఒకసారి ఒకదాని నకలును రెండవదానికి పంపుకోవడం మధ్యేమార్గం. ఇందులో ఒక నష్టాన్ని ముందే అంగీకరించాలి: యంత్రం చెడితే చివరి పదిహేను నిమిషాల నమోదులు పోవచ్చు. గ్రంథాలయానికి అది పెద్ద విషయం కాదు. జీతాలు, ఆసుపత్రి విషయంలో అది చెల్లదు గనుక ఆ రెండింటికీ డేటాబేసు తానే నిరంతరం ప్రతిని పంపే సదుపాయాన్ని అదనంగా ఏర్పరచాలి.

రెండు సర్వర్లలోనూ ఒకే కుటుంబానికి చెందిన ప్రాసెసర్లు ఉండాలన్నది మరువరాదు. పని ఆపకుండా ఒక వర్చువల్ యంత్రాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి తరలించడం ఇంటెల్, ఏఎండీల మధ్య కుదరదు. ఈ తరలింపు సాధ్యమైతే మరమ్మతుల కోసం సిబ్బంది అర్ధరాత్రుల వరకు కాచుకొని ఉండనక్కరలేదు. పట్టపగలే ఒకదానిని ఖాళీ చేసి, దుమ్ము దులిపి, తిరిగి నడపవచ్చు.

కనబడని ఖర్చు: లైసెన్సులు

యంత్రం ధర ఒక్కసారి చెల్లించేది. లైసెన్సు ధర కోరుల లెక్కన పెరిగేది. విండోస్ సర్వర్ స్టాండర్డ్ సాధారణ నియమం ప్రకారం యంత్రంలోని కోరులన్నిటికీ, కనీసం పదహారింటికి, లైసెన్సు తీసుకుంటే రెండు వర్చువల్ యంత్రాలకు హక్కు వస్తుంది. మరో రెండింటికి మళ్లీ అన్ని కోరులకూ చెల్లించాలి. మన పన్నెండింటిలో ఆరు విండోస్‌వి అనుకుంటే, ఏ సర్వరు చెడినా ఆరూ రెండవదానిపై నడవాలి గనుక ప్రతి సర్వరుకూ మూడేసి చొప్పున ఆరు సెట్లు కావాలి. 16 కోరులకు బదులు 32 కోరుల ప్రాసెసర్లు కొని ఉంటే ఈ ఖర్చు సరిగ్గా రెట్టింపయ్యేది. అక్కరలేని కోరులకు రెండుసార్లు మూల్యం చెల్లించడమంటే ఇదే.

హైపర్‌వైజర్ విషయంలోనూ పరిస్థితులు మారాయి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను కొనుగోలు చేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని నిలిపివేసి, కాలపరిమితి గల చందా పద్ధతిని మాత్రమే ఉంచింది. ఆ లెక్కలో ఒక్కొక్క ప్రాసెసర్‌కు కనీసం 16 కోరులు గణిస్తారు. ఎనిమిది కోరుల ప్రాసెసర్ కొన్నా పదహారుకే చెల్లించాలి. ఇది గిట్టుబాటు కాని అనేక సంస్థలు కేవీఎంపై ఆధారపడిన ప్రోక్స్‌మాక్స్ వంటి బహిరంగ వ్యవస్థల వైపు, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వైపు చూస్తున్నాయి. బహిరంగ వ్యవస్థ ఉచితమన్నంత మాత్రాన ఖర్చు లేదని కాదు. సిబ్బంది శిక్షణ, సాంకేతిక సహాయపు రుసుము లెక్కలోనికి రావాలి. కాని ఆ సొమ్ము మనవారి నైపుణ్యంగా నిలుస్తుంది.

అమ్మకందారు విధానం ఎప్పుడైనా మారవచ్చునన్నది ప్రభుత్వరంగానికి కొత్త పాఠం కాదు. 1978లో ఐబీఎం మన దేశం నుండి వైదొలగినప్పుడు దాని యంత్రాల నిర్వహణ బాధ్యతను నాటి ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ స్వీకరించి నడిపించింది. చేతిలో పని తెలిసినవారు ఉండబట్టే అది సాధ్యమైంది.

విద్యుత్తు, చల్లదనం

పాత సర్వర్లు పన్నెండు, ఒక్కొక్కటి సగటున 200 వాట్లు తీసుకుంటుందనుకుంటే మొత్తం 2,400 వాట్లు. ఏడాదికి 8,760 గంటలు గనుక 21,024 యూనిట్లు. కొత్తవి రెండూ ఒక్కొక్కటి 350 వాట్లు తీసుకున్నా ఏడాదికి 6,132 యూనిట్లే. తేడా 14,892 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలని ఉజ్జాయింపుగా వేసుకున్నా ఏటా 1,19,136 రూపాయల ఆదా. తీసుకున్న విద్యుత్తు అంతా చివరకు వేడిగానే మారుతుంది గనుక ఏసీ ఖర్చులో ఆదా దీనికి అదనం. ఈ లెక్కను మంజూరు కోరే పత్రంతో జతపరిస్తే ఆర్థిక విభాగంవారి సంశయం చాలావరకు తీరుతుంది.

ప్రతి సర్వరులో రెండు విద్యుత్ సరఫరా పెట్టెలు ఉండాలి. వాటిని రెండు వేర్వేరు యూపీఎస్‌లకు కలపాలి. రెండింటినీ ఒకే యూపీఎస్‌కు కలిపితే జంటగా కొన్న ఫలం దక్కదు. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనుకాడడం మనకు తగదు.

ప్రతి వేరు, బ్యాకప్ వేరు

రెండవ సర్వరులో నకలు ఉన్నది గనుక బ్యాకప్ అక్కరలేదని కొందరి అభిప్రాయం. ఇది ప్రమాదకరమైన భ్రమ. ఎవరైనా పొరపాటున ఒక పట్టికను చెరిపివేస్తే నకలులోనూ అది చెరిగిపోతుంది. దుండగులు సమాచారానికి తాళం వేస్తే నకలుకూ తాళం పడుతుంది. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు ఆ మహావైద్యశాలలో అనేక రోజులపాటు రోగుల నమోదు వంటి పనులు చేతిరాతతో జరపవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరపు ప్రభుత్వ డేటా కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి, ఉద్యోగుల దస్త్రాలు దాచిన 858 టెరాబైట్ల నిల్వ, వేరొకచోట ప్రతి లేని కారణంగా నశించింది.

అందుచేత మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి వేరొక భవనంలో ఉండాలన్న సూత్రం పాటించదగినది. ఆ మూడవది నెట్‌వర్కు నుండి వేరుచేసి ఉంచదగినది. మూడు నెలలకు ఒకసారైనా బ్యాకప్ నుండి ఒక యంత్రాన్ని తిరిగి నిలబెట్టి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌పై భరోసా పెట్టుకోరాదు. మొత్తం బడ్జెట్‌లో దీనికి కేటాయించిన భాగాన్ని మరేదానికీ మళ్లించరాదని మా దృఢాభిప్రాయం.

టెండరులో రాయవలసినవి

2016లో ప్రారంభమైన జెమ్ పోర్టల్ ద్వారా నేడు కొనుగోళ్లు సాగుతున్నాయి. కనిష్ఠ ధర కోట్ చేసినవారికే ఆర్డరు దక్కే పద్ధతిలో, మనం రాయనిది మనకు రాదు. అట్లని ఉన్నవీ లేనివీ అన్నీ రాయడం కూడా దోషమే. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 144వ నియమం, వివరణలు మౌలిక అవసరాలను తీర్చేవిగా ఉండాలనీ, అనావశ్యక హంగులు చేర్చి వృథా ఖర్చుకు తావీయరాదనీ చెబుతున్నది. మనం మొదట తీసుకున్న కొలతలే ఇందుకు ఆధారం. ఆడిట్ అడిగినా అదే సమాధానం.

మెమొరీ పట్టీల సంఖ్య, ఖాళీగా ఉండవలసిన స్లాట్లు, ఈసీసీ నిబంధన. ఎస్‌ఎస్‌డీల మన్నిక, కరెంటు పోయినప్పటి రక్షణ. యంత్రం నడుస్తుండగానే మార్చగల డిస్కులు, జంట విద్యుత్ సరఫరా. గదిలోనికి వెళ్లకుండానే యంత్రాన్ని సరిచూసే రిమోట్ నిర్వహణ సదుపాయం, దాని లైసెన్సుతో సహా. ఐదేళ్ల వారంటీ, మన యూనిట్ ఉన్నచోటికే వచ్చి బాగుచేసే షరతు. చెడిన డిస్కులు మనవద్దే ఉంచుకునే హక్కు - ఇవి తప్పక ఉండవలసినవి. మారుమూల ప్రాంతాలలోని యూనిట్‌లకు ఒక డిస్కు, ఒక విద్యుత్ సరఫరా పెట్టె అదనంగా తెప్పించి అలమరలో ఉంచుకోవడం శ్రేయస్కరం. 2025 చివరి నెలల నుండి కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమొరీ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కనుక ఆరు నెలల కిందటి ధరతో అంచనా వేయకుండా, తాజా ధరలు సేకరించిన పిదపనే ప్రతిపాదన పంపడం ఉచితం.

ఇంటిలోని విద్యార్థులకు

మన పిల్లలలో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదువుతున్నవారు అనేకులు. ఈ విద్యను నేర్వడానికి వారికి సర్వరు అక్కరలేదు. 16 జీబీ మెమొరీ, ఒక ఎస్‌ఎస్‌డీ ఉన్న వాడిన డెస్క్‌టాప్ చాలును. దాని బయోస్ సెట్టింగులలో వర్చువలైజేషన్ సదుపాయాన్ని తెరిచి, కేవీఎం గాని వర్చువల్‌బాక్స్ గాని వేసుకుంటే మూడు నాలుగు చిన్న యంత్రాలు నడుస్తాయి. ఒకదానిని కావాలని చెడగొట్టి, బ్యాకప్ నుండి తిరిగి నిలబెట్టడం అభ్యసించమని మా సలహా. ఉద్యోగంలో వారికి ఎదురయ్యే పరీక్ష అదే. వాడిన కంప్యూటరు విద్యాభ్యాసానికే గాని, ఇంటి లెక్కలూ ఫొటోలూ ఏకైక ప్రతిగా దాచుకోవడానికి తగదు.

ఉన్న సొమ్ముకు వరుస

ఇంతవరకు చెప్పినదానిని ఒక వరుసగా చెప్పుకుంటే, ముందుగా కొలత. పిదప వేరొక భవనంలో బ్యాకప్. ఆ తరువాత ఒకదాని భారాన్ని ఒకటి మోయగల రెండు యంత్రాలు. వాటిలో చాలినంత ఈసీసీ మెమొరీ, సర్వరు రకపు ఎస్‌ఎస్‌డీలు. చివరన, ఇంకా మిగిలితే, మరింత వేగమైన ప్రాసెసర్. ధరల పట్టికలు ఈ వరుసను తలకిందులుగా చూపుతాయి. బడ్జెట్ తగ్గించమన్నప్పుడు కోత కూడా చివరి నుండే మొదలుకావాలి. కోరుల సంఖ్య తగ్గించవచ్చు, వేగం తగ్గించవచ్చు. రెండవ యంత్రాన్ని మాత్రం కొట్టివేయరాదు.

ఒక నెలాఖరున ఒక సర్వరు మొరాయించినా, ఆ సాయంత్రం జీతాలు యథాప్రకారం జమ అయ్యాయంటే, ఆసుపత్రి వరుసలో నిలిచిన విశ్రాంత ఉద్యోగికి ఆలస్యం లేకుండా మందులు అందాయంటే, ఆ కొనుగోలు సఫలమైనట్లే. ఆ సంగతి ఎవరి దృష్టికీ రాదు. సర్వరు గదిలో పనిచేసేవారికి అంతకు మించిన ప్రశంస లేదు.